కాతిబు కూలి

ఒకప్పుడు ఉర్దూ పత్రికలలో ప్రతి పుటను కాతిబు తన కలముతో వ్రాసెడివాడు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ వేలకొలది అక్షర సంపుటులను చేతితో వ్రాసి, నస్తలీఖ్ లిపిని యంత్రమునకు అలవరచినారు. అదియే నూరీ నస్తలీఖ్. 1994లో వెలువడిన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేరు దానిని చిన్న ముద్రణాలయముల వరకు తెచ్చినది. దానికి వెల చెల్లించి వాడువారెందరు? ఈ ప్రశ్నను ముందుగా మమ్ము మేమే అడుగుకొనవలసియున్నది.

సాఫ్ట్‌వేరు ప్రారంభమగునపుడు అనుమతి సంఖ్య సరియైనదో కాదో పరీక్షించుకొనును. ఆ చోట కొన్ని సంకేతములను మార్చి, ఎల్లప్పుడును ‘సరియే’ యను బదులు వచ్చునట్లు చేయుటయే క్రాక్. మార్చినవాడు ఇంకేమి చేర్చినాడో వాడువానికి కనబడదు. పైగా యాంటీవైరస్‌ను ఆపివేయుమని ముందే సూచన యుండును. కావలివానిని ఇంటికి పంపుమని దొంగయే కోరినట్లున్నది గదా! 2018 నుండి వ్యాపించిన స్టాప్ అను రాన్సమ్‌వేరు ఎక్కువగా ఈ త్రోవనే వచ్చి, ఫైళ్లకు తాళము వేసి డబ్బు అడిగినది. ఒక విద్యార్థి ప్రాజెక్టు రచనకు ఇంతకన్న చేటేమి కలదు? మరికొన్ని బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులను చడీచప్పుడు లేక తీసికొనిపోవును.

1957 నాటి కాపీరైటు చట్టములోని 63బి సెక్షను ప్రకారము, తెలిసి అట్టి ప్రతిని వాడినవారికి 7 దినముల నుండి 3 సంవత్సరముల వరకు జైలు, 50,000 రూపాయల నుండి 2 లక్షల వరకు జరిమానా. లాభాపేక్ష లేనిచో న్యాయస్థానము జైలును మినహాయింపవచ్చును.

“పేదవాడు ఏమి చేయును?” అని మా విద్యార్థులు అడుగుదురు. అది కొట్టివేయదగిన మాట కాదు. కొన్ని సాఫ్ట్‌వేరుల వెల అధ్యాపకుని జీతమునకే భారము. అయినను పేదరికము పేరు చెప్పి కాతిబును ఊరక వ్రాయుమని మన పెద్దలు అడుగలేదు. లిబ్రెఆఫీస్, నోటో నస్తలీఖ్ ఉర్దూ వంటివానిని కర్తలే ఉచితముగా వాడుకొనుమని ఇచ్చినారు. సొగసు కొంత తగ్గినను, అనుమతి యున్నది.

ఈ సంచిక తెలుగు పుటలను మేము లిబ్రెఆఫీస్‌లోనే కూర్చినాము. ఉర్దూ పుటలు ఏ ప్రతిపై తయారగునో గత సంవత్సరము అచ్చువారిని అడుగలేదు. ఈసారి అడిగితిమి, నవ్వి ఊరకున్నారు. కమిటీవారికి పంపిన అంచనాపట్టికలో అందుకే ఒక పద్దు అదనముగా చేర్చినాము.