ఏ పేజీ దగ్గర ఆగావు?

సీతాఫల్‌మండి, సికింద్రాబాద్
ఆదివారం రాత్రి

చిరంజీవి బుజ్జమ్మకు,

మధ్యాహ్నం ఫోన్లో నీ గొంతు విన్నాక మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను. పద్మారావునగర్‌లో మీరంతా చేరి పుస్తకాల ముచ్చట్లు చెప్పుకుంటుంటే, యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'ని నువ్వు 'చెత్త' అన్నావట. పక్కింటి అత్తయ్య కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లి, మీరు లేచేదాకా మళ్లీ బయటికి రాలేదట. "నచ్చలేదని చెప్పడం తప్పా పెదనాన్నా?" అని అడిగావు.

తప్పేం లేదమ్మా. అయితే నచ్చలేదని ఊరుకుంటే అది నీ సంగతి. చెత్త అన్నావంటే తీర్పు చెప్పేశావు. ఆ తీర్పు పుస్తకం దగ్గరే ఆగదు. ఒకప్పుడు దాన్ని దిండు కింద దాచుకుని చదివిన మనిషికీ తగులుతుంది.

నా సంగతే చెబుతాను విను. 1980 ప్రాంతంలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చేది. పత్రిక ఆఫీసు అప్పట్లో మన సరోజినీదేవి రోడ్డులోనే ఉండేది. రైల్వే క్వార్టర్స్‌లో నాలుగిళ్లకూ కలిపి ఒకటే కాపీ. పసిపిల్ల తులసి మీద చేతబడి ముదురుతున్నకొద్దీ, రాత్రిపూట పెరట్లోకి వెళ్లాలంటే నాకు వణుకు. అయినా వారం ఎప్పుడు తిరుగుతుందా అని కాచుకుని కూర్చునేవాణ్ణి.

తర్వాత రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని ఏకంగా ఓ పుస్తకమే రాశారు. ఆ పేరు చూడగానే నాకు ఒళ్లు మండింది. తప్పు పట్టాలనే చదవడం మొదలుపెట్టాను. నేను గబగబా తిప్పేసిన పేజీల దగ్గర ఆవిడ ఆగారు. కథ మూఢనమ్మకానికి కొమ్ము కాస్తోందని వాదించారు. నవలను ఇష్టపడ్డ నాకన్నా, ఇష్టపడని ఆవిడే దాన్ని శ్రద్ధగా చదివారు! నాకు సిగ్గేసింది. అలాగని పెరటి గడప దగ్గర నా వణుకు అబద్ధమైపోలేదు. అంతగా భయపెట్టడానికీ చేయి తిరగాలి కదా. ఆవిడ కోపం, నా వణుకు, రెండూ నిజమే అనుకోవడం నాకు అప్పుడే అలవాటైంది.

అందుకని నేను చెప్పేది ఒక్కటే. నవల గురించి నోరు విప్పితే, ఏ పేజీ దగ్గర ఆగావో చెప్పు. 'సెక్రటరీ' హీరో రాజశేఖరం అహంకారం ప్రేమ పేరుతో చెల్లిపోవడం నీకు గిట్టలేదన్నావు. సరే, ఏ సన్నివేశంలో? అక్కడ హీరోయిన్ జయంతి ఏమని ఉంటే బాగుండేది? అలా చెప్పి ఉంటే అత్తయ్య లోపలికి వెళ్లేది కాదు, నీతో వాదనకు కూర్చునేది. ఆమె ఆగిన పేజీ వేరే ఉంటుంది. ఆడపిల్ల ఉద్యోగానికి బయల్దేరితే వీధి వీధంతా తలుపుల్లోంచి చూసే రోజుల్లో, జయంతి ఆమెకు ఏమయిందో నీకేం తెలుసు? అడగందే నాకూ తెలియదు.

అలాగని మొహమాటానికి 'బాగుంది' అనకు. రాసినవాళ్లు ఎదురుగా కూర్చున్నా సరే. ఆ మాట ఎవరికీ ఉపయోగపడదు.

ఇంకో సంగతి. ఆశాభంగానికి ప్రతిసారీ పుస్తకమే కారణం కాదు. 1969లో నవీన్ గారి 'అంపశయ్య' వచ్చింది. కథ జరిగేది మనకు కూతవేటు దూరంలో, ఉస్మానియా హాస్టల్లో. రవి అనే విద్యార్థికి ఒక్క రోజులో బుర్రలో తిరిగే ఆలోచనలే నవలంతా. ఇరవై రెండేళ్ల వయసులో "ఇందులో ఏమీ జరగదేంటి" అని నలభై పేజీలకే మూసేశాను. పైగా స్నేహితులందరికీ చదవొద్దని చెప్పాను. రిటైరయ్యాక ఓ రాత్రి నిద్రపట్టక మళ్లీ తెరిస్తే, ముగించేసరికి తెల్లారింది. అందుకే, సగంలో మూసేస్తే సగంలో మూశానని చెప్పు. అదీ ఒక అభిప్రాయమే.

మన ఊళ్లోనే 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి గారు దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. నిజాం రోజుల్లో తెలుగు పుస్తకాలు భుజాన మోసుకుని తిరిగి అమ్మారు. 'ప్రజల మనిషి' నవల ఆ తర్వాత రాశారు. అలా ఒక్కొక్కరినీ పోగుచేస్తే తయారైన పాఠకులమమ్మా మనం. నీ ఒక్క మాటకు మీ గుంపులోంచి ఒకావిడ లేచి వెళ్లిపోయిందంటే నాకు అందుకే బాధ.

వచ్చే ఆదివారం అందరికన్నా ముందు వెళ్లు. క్షమాపణలేం అక్కర్లేదు. "సెక్రటరీలో మీకు బాగా గుర్తున్నదేంటి అత్తయ్యా?" అని అడుగు. కాఫీ చల్లారినా సరే, ఆమె చెప్పడం అయ్యేదాకా విను. నీ పేజీ సంగతి తర్వాత.

ఈసారి ఇక్కడికి వచ్చేటప్పుడు నా 'అంపశయ్య' తెచ్చిపెట్టు. నువ్వు తీసుకెళ్లి రెండేళ్లయింది. ఏ పేజీ దగ్గర ఆగావో చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న