ఏడ్పు నాట్యముగా మారుట

పఠన భాగములు: 1 రాజులు 19:1–12, 2 సమూయేలు 6:12–23, 30వ కీర్తన.



కాలు విరిగిన వానికి కట్టు కట్టించుటకు మనలో ఎవరును సిగ్గుపడరు. జ్వరము వచ్చినయెడల ఆసుపత్రికి పోవుదుము, సంఘమంతయు ప్రార్థించును. మనస్సు జబ్బుపడినయెడల మాత్రము తలుపు మూసికొందుము. “విశ్వాసము చాలదు” అని ఒకరు, “దయ్యము పట్టినది” అని మరియొకరు అందురు. ఆ మాటలు విని కృంగినవారు మరింత కృంగిపోవుదురు. ఇట్టివారిని గూర్చి దేవుని వాక్యము ఏమి బోధించుచున్నదో, వారికి మన చేతనైన సహాయము ఏదో ఈ నెల పాఠములో ఆలోచింతము.

1. దేవుడు ఏలీయాను లేపిన విధము

కర్మెలు పర్వతముమీద బయలు ప్రవక్తల నెదిరించిన ఏలీయా, ఆ పిమ్మట యెజెబెలుకు భయపడి పారిపోయి, అరణ్యములో ఒక చెట్టుక్రింద కూర్చుండి చావు గోరెను. అతనికి విశ్వాసము లేదని ఎవరనగలరు? దేవదూత అతనిని గద్దింపలేదు. నిద్రించుచున్న వానిని తట్టి లేపి రొట్టెయు నీళ్లును చూపెను. అతడు తిని మరల పండుకొనగా ఊరకుండెను. రెండవ మారు వచ్చి మరల తినుమనెను. అటుతరువాత ఏలీయా నలువది దినములు నడచి హోరేబు చేరెను. మిక్కిలి మెల్లని స్వరము అతనికి వినబడినది ఆ నడక తరువాతనే.

నిద్ర, ఆహారము, నడక: ఈ మూడును దేహమునకు సంబంధించినవి. మనలను మంటితో చేసినవాడు మనస్సును బాగుచేయుటకు దేహమును కూడ వాడుకొనును.

30వ కీర్తనలో దావీదు తన ఏడ్పును తీసివేసి ఆ చోట నాట్యమునుంచిన దేవుని స్తుతించుచున్నాడు. అక్కడి హెబ్రీ మాట “మాఖోల్”. యిర్మీయా 31:13లో కన్యకలు, యౌవనులు, వృద్ధులు దుఃఖము మాని సంతోషించు చోటను ఇదే మాట ఉన్నది. గుండ్రముగా కూడి ఆడు ఆటకు ఆ పేరు.

2. కిటికీలోనుండి చూచిన మీకాలు

మందసము వచ్చినప్పుడు దావీదు రాజు తన శక్తికొలది నాట్యమాడెను. మీకాలు కిటికీలోనుండి చూచి తన మనస్సులో అతని హీనపరచెను. తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చిన ఇంటిలో వాద్యములును నాట్యమును వినబడగా, పెద్ద కుమారుడు లోపలికి పోనొల్లక బయట నిలిచెను (లూకా 15:25–28). మనలోను కొందరు పెద్దలు “ఆట అనగా లోకసంబంధము” అని చెప్పుదురు. వారి భయము ఊరకయే కలిగినది కాదు. బంగారు దూడ ఎదుటను ఆటయే, హేరోదు విందులోను ఆటయే. కాబట్టి ఆట ఎవరి కొరకు, దాని ఫలమేమి అని విచారింపవలెను. దావీదు ఆడిన దినమున స్త్రీపురుషులందరికిని రొట్టెలు పంచిపెట్టెను. హేరోదు విందు యోహాను తలను కోరెను.

3. వైద్యశాలలో నాట్యము

1942లో మేరియన్ చేస్ అను నాట్యోపాధ్యాయిని అమెరికాలోని వాషింగ్టను పట్టణమందు సెయింట్ ఎలిజబెత్స్ అను మానసిక వైద్యశాలలో పని ఆరంభించెను. అక్కడి రోగులలో అనేకులు ఎవరితోను మాటలాడని స్థితిలో ఉండిరి. ఆమె వారిని మాటలాడుమని బలవంతపెట్టలేదు. రోగి చేయి ఊపినయెడల తానును అట్లే ఊపును. ఊగినయెడల అదే లయలో ఊగును. “నిన్ను చూచుచున్నాను, నీతో ఉన్నాను” అని మాట లేకుండ తెలుపు విధమది. పిమ్మట వారిని గుండ్రముగా నిలిపి కలిసి కదలునట్లు చేయును. 1966లో ఆ దేశమందు నాట్య చికిత్సకుల సంఘము ఏర్పడగా ఆమెయే మొదటి అధ్యక్షురాలాయెను. నేడు మన దేశములోను ఈ చికిత్సలో తర్ఫీదు పొందినవారున్నారు.

కృంగినవాని నడక మందగించును, భుజములు వంగును, నిద్రయు ఆకలియు చెడును. దేహము కదలినప్పుడు శ్వాస లోతగును, రాత్రి నిద్ర సులభమగును. నలుగురితో ఒకే తాళమునకు అడుగు వేయునప్పుడు “నేను ఒంటరిని” అను తలంపు కొంత సడలును. పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములైనను ఒక మోస్తరు శ్రమతో దేహమును కదలింపవలెననియు, అది కృంగుదలను ఆందోళనను తగ్గించుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది.

4. మన ఊళ్లలో

“మేము పొద్దంతా కష్టము చేయువారమే, మాకు వేరే కదలిక ఎందుకు?” అని అడుగవచ్చును. సిరిసిల్లలో సాంచాల చప్పుడు నడుమ రాత్రి షిఫ్టు చేయువాని దేహము అలయును గాని తేలికపడదు. కోరుట్లలో బీడీలు చుట్టు అక్క ఒడిలో చాట పెట్టుకొని గంటలకొద్ది వంగి కూర్చుండును. వ్రేళ్లు మాత్రమే కదలును. జగిత్యాల పల్లెలలో భర్త గల్ఫునకు పోగా అప్పును, పిల్లలను, అత్తమామలను ఒంటరిగా మోయు చెల్లెండ్రున్నారు. అప్పులకును పనిలేమికిని తాళలేక సిరిసిల్ల నేత కార్మికులు ప్రాణములు తీసికొనిన సంగతియు మనమెరుగుదుము. వీరికి కావలసినది మరింత శ్రమ కాదు, తోడుతో కూడిన కదలిక.

అది మన చేతిలోనే ఉన్నది. క్రిస్మసునకు మన పల్లె సంఘములలో కోలాటము వేయుదురు. పండుగ దాటగానే కోలలు అటుకమీదికి పోవును. నెలకు రెండు సాయంకాలములైనను, స్త్రీల మైత్రి కూడిక ముగిసిన పిమ్మట ఇరువది నిమిషములు వాటిని దించరాదా? జడకోలాటములో పైనుండి వ్రేలాడు త్రాళ్లు ఒక్కొక్కరు పట్టి అడుగులు వేయగా జడ అల్లుకొనును. వెనుకకు అడుగులు వేయగా విడిపోవును. ఏ త్రాడు లేకున్నను జడ కుదరదు. విధవరాలిని, మాట తగ్గిన యౌవనుని “నీ త్రాడు నీకొరకు ఉన్నది” అని పిలువుడి. ఆడలేని ముసలివారు కూర్చుండి తాళము వేయవచ్చును.

5. జాగ్రత్తలు

కోలాటము మందునకు బదులు కాదు. వైద్యుడిచ్చిన మాత్రలను, ప్రార్థన చేసితిమని గాని ఆట వలన తేలికపడితిమని గాని ఎవరును మాన్పింపరాదు. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి గలవారు, గర్భిణులు వైద్యుని అడుగవలెను. రానివారిని బలవంతపెట్టకుడి, వచ్చినవారి కథను అందరియెదుట చెప్పింపకుడి.

ఎవరైనను చావును గూర్చి మాటలాడినయెడల దానిని వట్టిమాటగా ఎంచకుడి. వారిని ఒంటరిగా విడువక జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికి తోడుకొని పొండు. 2022లో ఆరంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరున ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. చావబోయి బ్రతికినవారిని పోలీసు భయముచేత దాచవద్దు. 2017లో చేయబడిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము అట్టివానిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగా ఎంచి, శిక్షకు కాక సంరక్షణకు అప్పగించుచున్నది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. దేవదూత ఏలీయాకు చేసిన పనులలో మన సంఘము ఏది చేయుచున్నది, ఏది విడిచినది?
2. మనము మీకాలువలె కిటికీలోనుండి చూచిన సందర్భమున్నదా?
3. మన వాడలో కూడికకు రావడము మానినవారెవరు? ఈ వారము వారి ఇంటికి ఎవరు పోవుదురు?

ప్రార్థన

మా దేహములను ఆత్మలను చేసిన తండ్రీ, కృంగినవారిని తీర్పు తీర్చకుండ మా నోళ్లను కాయుము. వారి ప్రక్కన కూర్చుండు ఓపికను, వారితో మెల్లగా అడుగు వేయు ప్రేమను మాకు దయచేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.