లిథువేనియా ఉదంతం: చిన్న దేశం - ఆర్థిక ఒత్తిడి

బలవంతపు రాజ్యం సైన్యాన్ని కదపకుండానే, వాణిజ్యం ద్వారా చిన్న దేశాన్ని లొంగదీయ జూడవచ్చును. సుమారు 28 లక్షల జనాభాగల లిథువేనియా ఇందుకు నిదర్శనం. 2021 నవంబరులో తన రాజధాని విల్నియస్‌లో 'తైవాన్' పేరిట ప్రతినిధి కార్యాలయం తెరవనిచ్చినందుకు చైనా ఆగ్రహించి దౌత్య సంబంధాల స్థాయిని తగ్గించింది. డిసెంబరులో చైనా కస్టమ్స్ కంప్యూటర్ల జాబితాలో ఆ దేశం పేరే కొన్నాళ్లు కనబడలేదు. సరుకులు రేవులలో నిలిచిపోయాయి.

అయితే లిథువేనియా ఎగుమతులలో చైనా వాటా సుమారు ఒక్క శాతమే. దెబ్బ ప్రాణాంతకం కాలేదు. విద్యార్థులు గమనింపవలసిన సూక్ష్మం వేరొకటున్నది. ఆ దేశపు విడిభాగాలను వాడవద్దని చైనా ఇతర ఐరోపా కంపెనీలను ఒత్తిడి చేసింది. అప్పుడు రాజీపడుమన్న మాట శత్రువుల నుండి కాక, విల్నియస్‌తో వ్యాపారం చేసే జర్మన్ వర్తకుల నుండే వచ్చింది! మిత్రుల లాభనష్టాలే చిన్న దేశానికి మెడ ఉచ్చు కాగలవు.

తైవాన్ 20 కోట్ల డాలర్ల పెట్టుబడి నిధిని ప్రకటించింది. చైనాకు పోవలసిన 20,000 సీసాల రమ్మును సైతం కొన్నది (ఆ సరుకు మనకు నిషిద్ధమే ననుకోండి). ఐరోపా సమాఖ్య 2022 జనవరిలో ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసింది. 2023 డిసెంబరులో ఇటువంటి ఒత్తిళ్లను ఉమ్మడిగా ఎదుర్కొనే చట్టాన్ని అమలులోకి తెచ్చింది. ఈ చట్టమే మేలైన ఫలమని నా తలంపు. ఫిర్యాదు మాత్రం తీర్పుదాకా పోలేదు. 2024 జనవరిలో సమాఖ్యయే విచారణను నిలిపివేయించింది.