లేజర్ కొనే ముందు

కోరుట్ల

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీర్వదించి రాయునది.

బడి పిల్లలకు కాంతి పాఠం చెప్పడానికి, రాత్రిపూట చుక్కలు చూపించడానికి లేజర్ కొంటానన్నావు. సంతోషం బిడ్డా. మీ వీర్నపల్లి చుట్టూ అడవి, తండాలు. దీపాల వెలుగు తక్కువ కాబట్టి ఆకాశం మంచిగ కనిపిస్తుంది. సప్తర్షి మండలం నుంచి ధ్రువనక్షత్రం దాకా గీత గీసినట్టు చూపిస్తే పిల్లలు ఎన్నటికీ మరిచిపోరు. కానీ నువ్వు పంపిన లేజర్ పెన్ను ఫోటో చూశాక ఈ నాలుగు ముక్కలు రాయక తప్పలేదు.

ఆ పెన్ను స్టిక్కర్ మీద 5 మిల్లీవాట్ల లోపు అని ఉంది. ప్రకటనలోనేమో అగ్గిపుల్ల అంటుకుంటుందని అమ్మేవాడు రాసుకున్నాడు. అంత తక్కువ శక్తితో అగ్గిపుల్ల అంటుకోదు. రెండింట్లో ఏది అబద్ధమైనా, వాడి దగ్గర కొనొద్దు.

లేజర్లకు క్లాసులుంటాయి. 1 మిల్లీవాట్ లోపుది క్లాస్ 2. కంట్లో పడితే పావు సెకనులో రెప్ప మూసుకుని కాపాడుతుంది. 5 దాకా 3ఆర్, 500 దాకా 3బి, ఆపైన క్లాస్ 4. 3బి నుంచి రెప్ప కాపాడలేదు. క్లాస్ 4 అయితే గోడ మీది చుక్కను దగ్గర నుంచి చూసినా ముప్పే. రెటీనా కాలినప్పుడు నొప్పి తెలియదు, పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. 2023లో నాసిక్‌లో గణేశ్ నిమజ్జనం ఊరేగింపుల లేజర్ లైట్లకు కుర్రాళ్ల రెటీనాలు దెబ్బతిన్నాయని అక్కడి కంటి డాక్టర్లు చెప్పారు.

ఆకుపచ్చ లేజర్‌తో ఇంకో చిక్కుంది. మామూలు పెన్నుల్లో ఆ రంగు నేరుగా పుట్టదు. 808 నానోమీటర్ల పరారుణ కాంతి ఒక స్ఫటికంలో 1064గా మారి, రెండో స్ఫటికంలో 532 అవుతుంది. చివర ఫిల్టర్ పెట్టకుండా డబ్బు మిగుల్చుకుంటే, కంటికి కనిపించని పరారుణం కూడా బయటికొస్తుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 122 లేజర్ పాయింటర్లను పరీక్షించి 2013లో ఫలితాలు చెప్పింది. ఆకుపచ్చవాటిలో దాదాపు 90 శాతం అక్కడి భద్రతా నిబంధనలకు సరిపోలేదు. అందుకే స్టిక్కర్ ఒక్కటే చాలదు, అమ్మినవాడు జవాబుదారీగా ఉండాలి.

తరగతికి 650 నానోమీటర్ల ఎరుపుది, 1 మిల్లీవాట్ లోపుది కొను. అది డయోడ్ నుంచే నేరుగా వస్తుంది, పరారుణం బెడద లేదు. గ్లాసు నీళ్లలో రెండు చుక్కల పాలు వేస్తే కిరణం వంగడం పిల్లలకు స్పష్టంగా కనిపిస్తుంది. చుక్కలకు ఆకుపచ్చదే మేలు. అదే శక్తికి మన కన్ను 650 కంటే 532ను దాదాపు ఎనిమిది రెట్లు ఎక్కువగా గుర్తిస్తుంది. అందుకే 5 మిల్లీవాట్లు దాటాల్సిన పని లేదు.

బొమ్మల దుకాణంలో, ఫోన్ కవర్లమ్మే చోట కొనకు. బడి ల్యాబ్ సామాన్లు సరఫరా చేసేవాళ్లను అడుగు. తరంగదైర్ఘ్యం, శక్తి, క్లాస్ కాగితం మీద ఇస్తారా, తయారీదారు చిరునామా ఉందా, జీఎస్టీ బిల్లు ఇస్తారా, బాగాలేకపోతే వాపసు తీసుకుంటారా అని అడుగు. "పది కిలోమీటర్లు కొడుతుంది" అని తప్ప ఇంకేం చెప్పకపోతే లేచి వచ్చెయ్. ఆన్‌లైన్‌లోనైతే 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకందారు పేరు, చిరునామా, ఏ దేశపు సరుకో కనిపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. మోసపోతే 1915కు ఫోన్ చెయ్. దుబాయి నుంచి ఎవరితోనో తెప్పించుకుంటే బిల్లూ ఉండదు, వాపసూ ఉండదు.

ఆకుపచ్చది నీ చేతిలోనే ఉండాలి, పిల్లలకివ్వకు. అద్దం మీద, స్టీలు గ్లాసు మీద వేయకు. విమానం వైపు, బండి మీద పోయేవాళ్ల వైపు అసలే తిప్పకు. పని కాగానే బ్యాటరీలు తీసి బీరువాలో పెట్టి తాళం వెయ్యి.

డబ్బు కట్టే ముందు ఆ వివరాల కాగితం నాకు పంపు. చూసి, సరేనంటేనే కొను.

ఇట్లు,
నీ మామ