పాత సరుకు వాహనాలలో డ్రమ్ బ్రేకు షూల అమరిక

హైదరాబాదు పాతబస్తీలోని పత్తర్‌గట్టి, 1908 మూసీ వరద అనంతరం జరిగిన నగర పునర్నిర్మాణంలో రూపుదిద్దుకొన్న రాతి కమానుల బజారు. వస్త్రాలకు, అత్తరుకు పేరొందిన ఈ వీధికి చేరువలోనే మీర్ ఆలం మండి ఉన్నది. అక్కడికి కూరగాయలు చేర్చే పాత మూడు చక్రాల వాహనాలు పాదచారుల, తోపుడు బండ్ల నడుమ అడుగడుగునా ఆగుతూ సాగవలసి ఉంటుంది. వీటికి సాధారణంగా ఉండేవి డ్రమ్ బ్రేకులే. నిండు బరువుతో ఇన్నిసార్లు ఆగే వాహనంలో షూల అమరిక తప్పితే, సరుకు చేరడం అటుంచి, ముందు నడిచే మనిషి ప్రాణానికే ముప్పు.

ఒక చక్రంలోని రెండు షూలు చూపునకు కవలల వలె ఉన్నా, పనిలో సమానం కావు. వీల్ సిలిండరు రెండింటినీ డ్రమ్ముకు అదుముతుంది. వాహనం ముందుకు సాగునప్పుడు, డ్రమ్ము తిరుగుడు సిలిండరు కొస నుండి యాంకరు కొస వైపునకు సాగే షూను లీడింగ్ షూ అంటారు. రాపిడి దానిని మరింతగా డ్రమ్ములోనికి లాగుతుంది. ఎదుటి షూను అదే రాపిడి వెనుకకు నెట్టుతుంది. కనుక ముందుకు నడిచే వాహనాన్ని ఆపే భారం అధికంగా లీడింగ్ షూదే.

పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే. రెండు లైనింగుల పొడవు వేరుగా ఉన్నచోట, కింది కొసలు యాంకరుకు స్థిరపడిన రకంలో పొడవైన లైనింగు సాధారణంగా ముందు వైపు వస్తుంది. రెండు షూలూ కింద అడ్జస్టరుతో కలిసి, పైన ఒకే పిన్నుకు ఆనే డ్యుయో సర్వో రకంలో పొట్టి లైనింగు ముందు, పొడవైనది వెనుక ఉండాలి. ఒక రకానికి చెందిన సూత్రాన్ని మరొక రకానికి వర్తింపజేస్తే బ్రేకు బలహీనపడవచ్చు లేదా ఒక పక్కకు లాగవచ్చు. ‘పొడవైనది ఎప్పుడూ ముందుకే’ అనే నానుడిని నమ్మడం కంటే, తయారీదారు పుస్తకం చూచి షూలు ఎక్కడ ఆనుతున్నవో గుర్తించడం క్షేమం.

విప్పునప్పుడు ఒకే ఇరుసుపై ఉన్న రెండు చక్రాలను ఒకేసారి విప్పరాదు. రెండవది నమూనాగా మిగలాలి. ఫోనుతో తీసిన ఛాయాచిత్రం మరింత మేలు. స్ప్రింగు ఏ రంధ్రంలో ఉన్నదో, చేతి బ్రేకు లివరు ఏ షూకు ఉన్నదో జ్ఞాపకం మీద వదలరాదు. కొత్త షూలు మాత్రం ఆ ఇరుసు చక్రాలన్నింటికీ కలిపే వేయాలి. డ్రమ్ము తీసిన తరువాత పెడలు నొక్కకూడదు. సిలిండరు పిస్టన్లు బయటికి వచ్చే ప్రమాదం ఉన్నది.

పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండే అవకాశం ఉన్నందున, దుమ్మును ఊదరాదు, గాలి పైపుతో చిమ్మరాదు. తడిగుడ్డతో తుడవాలి. మరమ్మతు దుకాణాలలో ఈ సూచన పాటించేవారు అరుదు. శిక్షణలో నొక్కి చెప్పవలసినది ఇదే. సిలిండరు రబ్బరు టోపీ కింద ద్రవం కనిపిస్తే కొత్త షూలు వేసి లాభం లేదు, ముందు సిలిండరు బాగుపడాలి. బ్యాక్ ప్లేటుపై షూలు ఆని కదిలే చోట్ల మాత్రమే, వేడిని తట్టుకొనే గ్రీజు పలుచగా రాయాలి. లైనింగుకు నూనె, గ్రీజు తగలరాదు.

స్టార్ వీలు ఉన్న వాహనాలలో ఎడమ, కుడి అడ్జస్టర్ల మరలు తరచు వ్యతిరేక దిశలలో ఉంటవి. తారుమారైతే సర్దుబాటు పనిచేయదు. చేతి బ్రేకు పూర్తిగా వదిలి, చక్రం తిప్పుతూ లైనింగు తాకేవరకు బిగించి, స్వేచ్ఛగా తిరిగేంత మాత్రమే సడలించాలి. పిమ్మట పెడలును గట్టిపడేవరకు పలుమార్లు నొక్కాలి. మొదటి పరీక్ష బరువు లేకుండా, ఖాళీ స్థలంలో, నడక వేగంతో జరగాలి. కొత్త లైనింగు డ్రమ్ముకు సర్దుకొనేవరకు బ్రేకు పూర్తి పట్టు ఇవ్వదు కనుక, ఆ కొద్ది రోజులు మండి దారిన పూర్తి లోడు వేయకపోవడం మంచిది.