గుండె లయ తప్పినపుడు చికిత్స యెప్పుడు అవసరము?

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలమునందలి రామతీర్థమున, బోధికొండపై గల కోదండరామాలయమునకు మెట్లెక్కుచు ఎవరైనను "గుండె ఒకసారి తప్పినట్లున్నది" అన్నచో ఏమి చేయవలెను? పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయమిది.

విశ్రాంతిగా నున్న పెద్దవారి గుండె నిమిషమునకు 60 మొదలు 100 సార్లు, దినమునకు సుమారు లక్షసార్లు కొట్టుకొనును. అప్పుడప్పుడు వంతు రాకమునుపే ఒక స్పందనము పుట్టును. అప్పటికి గుండె రక్తముతో పూర్తిగా నిండదు గావున ఆ దెబ్బ నాడికి సరిగా తెలియదు. పిదప కొంత విరామము కలిగి, తరువాతి దెబ్బ బలముగా తోచును. ఆరోగ్యవంతులకును ఇట్లు జరుగుట సామాన్యము.

నిద్రలేమి, ఆందోళన, సారాయి, అధికముగా టీ, కాఫీ త్రాగుట దీనిని హెచ్చించును. చుట్ట మామూలుగా కాల్చినను, అడ్డపొగ త్రాగినను హానియే. రక్తహీనత, థైరాయిడ్ వ్యాధి, వాంతులు విరేచనములచే లవణములు తగ్గుట కూడ కారణములు కావచ్చును. కారణమును తొలగించినచో పెక్కుమందికి మందు అవసరముండదు.

అయితే ఈ క్రింది వారు తప్పక వైద్యుని చూడవలెను:

1. స్పృహ తప్పినవారు, కండ్లు చీకట్లు క్రమ్మినవారు.
2. ఛాతీనొప్పి, ఆయాసము గలవారు.
3. శ్రమ చేయునపుడే లయ తప్పువారు.
4. పూర్వము గుండెజబ్బు గలవారు.
5. చిన్న వయస్సున హఠాత్తుగా మరణించిన రక్తబంధువులు గలవారు.

వైద్యులు ఇ.సి.జి., గుండె స్కానింగు చేయుదురు. అవసరమైనచో 24 గంటల లయను యంత్రముతో నమోదు చేయుదురు. మొత్తము స్పందనములలో నూటికి పది మించి అకాలమైనవైనచో, కొందరిలో గుండె కండరము క్రమముగా బలహీనపడును. అట్టివారికి మందులో, లోపమున్న చోటును సన్నని తీగతో మాడ్చు చికిత్సయో చేయుదురు.

మందులు కొనితెచ్చుకొని వాడరాదు. గుండెపోటు వచ్చినవారిలో అకాలస్పందనములను అణచుటకిచ్చిన కొన్ని మందులవలన మరణములు హెచ్చినవని అమెరికాలో జరిగిన పరిశోధన 1989లో తేల్చినది. దెబ్బలు తగ్గుటయే స్వస్థత కాదు.

ఉత్సవ దినములలో పంచాయతీవారు మెట్ల వద్ద 108 సంఖ్యను పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. నొప్పితోనో, ఆయాసముతోనో ఆగినవానిని మరి యెక్కనీయక కూర్చుండబెట్టి, ఆ సంఖ్యకు ఫోను చేయవలెను. పడిపోయి పలుకక, ఊపిరి సరిగా తీయనిచో, ఛాతీ నడుమ నిమిషమునకు 100 మొదలు 120 సార్లు గట్టిగా నొక్కుచు, సహాయము వచ్చువరకు ఆపరాదు. ఈ పద్ధతిని ప్రతి వార్డులో కొందరికైనను నేర్పించుట సభ్యుల కర్తవ్యము.