ఆకుకూరలోని ఆమ్లము

పెద్దాపురమున సర్కారు బడులలో చదువు పిల్లలకు, రక్తహీనత పోవుటకై, వారమున కొకమారు నీలిరంగు మాత్ర నిత్తురు. ఉపాధ్యాయుడు మొగము త్రిప్పగానే దానిని కిటికీలోనుండి పారవేయు గడుసువారును కలరు. అందు ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లము కలదు. దాని కథలో గోదావరి సీమకు పాలు కలదు.

ఫోలిక్ అను పేరు ఆకు అను అర్థముగల లాటిన్ పదమునుండి వచ్చినది. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి దీనిని కొద్దిపాటిగా తీసి ఆ పేరు పెట్టిరి. అంత కూరకు చిటికెడు లభించినచో రోగుల కెట్లు చాలును? ఆ చిక్కు విప్పినవారిలో ముఖ్యుడు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివి, మదరాసులో వైద్యవిద్య నభ్యసించెను. స్ప్రూ అను గ్రహణివ్యాధి ఆయన సోదరుల నిద్దరిని బలిగొనెను. 1923లో అమెరికా చేరెను. లెడర్లీ పరిశోధనాలయమున ఆయన నడపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను చంపిన వ్యాధికి అది మందయ్యెను. 1948లో సుబ్బారావు మరణించెను. ఆ మందు మరియొక మేలు చేయునని ఆయన యెరుగడు.

గర్భమున శిశువు రూపొందిన నాలుగు వారములలోనే, మెదడు, వెన్నుపాము కాదగిన పొర గొట్టమువలె చుట్టుకొని మూసికొనును. క్రింది భాగము మూసికొననిచో బిడ్డ వెన్ను చీలికతో పుట్టును. కాళ్లకు సత్తువ లేకపోవచ్చును. తలవైపు మూసికొననిచో బిడ్డ బ్రతుకదు. తల్లి గ్రహణము చూచినందుననే బిడ్డ కవకరము కలిగెనని నిందించువారు నేటికిని కలరు. బిడ్డ దుఃఖము చాలక ఈ నింద కూడనా! 1991లో బ్రిటిషు వైద్యపరిశోధన మండలి ప్రయోగఫలితము వెలువడెను: అట్టి బిడ్డను ముందొకమారు కన్న తల్లులు మరల గర్భము ధరింపక పూర్వమే ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొన్నచో, ఆ దోషము తిరిగి కలుగుట నూటికి 72 వంతులు తగ్గెను.

నెల తప్పిన సంగతి తెలిసి ఆసుపత్రికి పోవుసరికే ఆ గొట్టము మూసికొను గడువు తరచుగా దాటిపోవును. కావుననే బిడ్డను కోరు స్త్రీలు గర్భమునకు ముందునుండి మూడవ నెల వరకు దినమునకు 400 మైక్రోగ్రాములు పుచ్చుకొనవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. అవకరము లన్నియు దీనితో పోవునని కాదు. గర్భిణికి రుబెల్లా సోకినచో బిడ్డ కంటికి, చెవికి, గుండెకు హాని కలుగవచ్చును. దానికి టీకా వేరు.

తోటకూర, గోంగూర, పెసలు, శనగలందు ఈ ఆమ్లము సహజముగ కలదు. కాని కూర నుడికించి నీరు పారబోసినచో చాలభాగము నీటితోనే పోవును.

బడిలోని మాత్రను అన్నము తిన్న పిమ్మట మ్రింగవలెను. పరగడుపున వేసికొన్నచో వికారము పుట్టును. ఇనుము వలన మలము నల్లబడును. అందుకు భయపడ నక్కరలేదు.